హత్య కథలో అప్రస్తుత ప్రసంగం

అష్టావధానం చూసినవాళ్లకు అప్రస్తుత ప్రసంగి గుర్తుండే ఉంటాడు. సమస్య ఇచ్చినవారు, దత్తపది ఇచ్చినవారు, నిషిద్ధాక్షరి నడిపేవారు అందరూ పద్యం చుట్టూ తిరుగుతుంటే, ఆయన మాత్రం మధ్యలో దూరి పద్యంతో ఏ సంబంధమూ లేని ప్రశ్న ఒకటి విసురుతాడు. సభంతా నవ్వుతుంది. అవధాని కూడా నవ్వుతూనే చమత్కారంగా జవాబిస్తాడు. అయితే ఆ ప్రశ్నకు నవ్వించడంతో పాటు ఇంకో పని కూడా ఉంది. అవధాని మనసులో పట్టుకుని ఉన్న పద్యపాదాలు జారిపోయేలా చేయడం. ధారణ సమయానికి వాటన్నిటినీ తిరిగి అప్పజెప్పగలిగితేనే అవధానం పూర్తయినట్టు.

1940లు, 50లలో ఇంగ్లీషులో వచ్చిన హాస్య డిటెక్టివ్ నవలలు ఎలా పనిచేస్తాయో నాకు ఈ పోలిక తట్టాకే అర్థమైంది. ఆ నవలల్లో రచయితే అప్రస్తుత ప్రసంగి, పాఠకుడే అవధాని. ఆధారాలన్నీ మన చేతికి ఇస్తూనే, మధ్యమధ్య నవ్విస్తూ, అవి మన చేతిలోంచి జారిపోయేలా చేస్తాడు రచయిత. చివరి అధ్యాయం ధారణ. అక్కడికొచ్చేసరికి మన దగ్గర ఏం మిగిలిందో తేలిపోతుంది.

ఈ నవలల గురించి రెండు అపోహలు ఉన్నాయి. హత్య కథ బరువు తగ్గించడానికి పైన కాస్త హాస్యం చల్లారని ఒకటి. ఇవి డిటెక్టివ్ నవలలను వెక్కిరించే పేరడీలని రెండోది. రెండింటితోనూ నేను ఒప్పుకోను. మంచి హాస్య డిటెక్టివ్ నవలలో జోకులు తీసేస్తే రహస్యం నిలబడదు. రహస్యం తీసేస్తే జోకుల్లో సగం అర్థం కావు. అదెలాగో చూపించడానికి ఒక నవలను కాస్త విప్పి చూస్తాను. హంతకుడు ఎవరన్నది మాత్రం చెప్పను.

ఆ నవల పేరు 'ది మూవింగ్ టాయ్‌షాప్'. రాసింది ఎడ్మండ్ క్రిస్పిన్. 1946లో వచ్చింది. చాలా ఏళ్ల కిందట ఒక ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల గుట్టలో, ఆకుపచ్చ అట్ట పెంగ్విన్ ప్రతి ఒకటి నాకు దొరికింది. అప్పటికి నాకు తెలిసిన ఇంగ్లీషు అపరాధ పరిశోధన సాహిత్యమంతా రైల్వే స్టేషన్ పుస్తకాల స్టాల్లో దొరికే హ్యాడ్లీ చేజ్, పెర్రీ మేసన్, అగాథా క్రిస్టీలే. వాటిని చదివినట్టే దీన్నీ చదవబోయాను. నలభై పేజీల దగ్గర ఆపేశాను. పాత్రలు ఊరికే కవిత్వం చెప్పుకుంటున్నాయి, కథ కదలడం లేదు అనిపించింది. రెండోసారి చదివినప్పుడు తెలిసింది, నేను పక్కకు తోసేసిన ఆ కబుర్లలోనే కథ నడుస్తోందని.

కథ ఇలా మొదలవుతుంది. కాడొగన్ అనే కవి చేతిలో తుపాకీ ఉంటుంది, గురి చూసి పేలుస్తాడు. మొదటి వాక్యంలోనే హత్య జరిగిపోయిందని మనం ఉలిక్కిపడతాం. తీరా చూస్తే ఆయన లండన్‌లో తన ప్రచురణకర్త తోటలో గురి అభ్యాసం చేస్తున్నాడు. అసలు గొడవ యాభై పౌండ్ల అడ్వాన్సు గురించి. ఆ తర్వాత మార్పు కోసం ఆక్స్‌ఫర్డ్ వెళతాడు. అర్ధరాత్రి ఒక వీధిలో బొమ్మల కొట్టు తలుపు తెరిచి ఉంటే లోపలికి వెళతాడు. మేడ మీద ఒక ముసలామె శవం కనిపిస్తుంది. వెనక నుంచి ఎవరో తల మీద కొడతారు. తెలివి వచ్చాక తప్పించుకుని, పోలీసులను తీసుకొని తిరిగొస్తే అక్కడ శవమూ లేదు, బొమ్మల కొట్టూ లేదు. దాని చోట ఒక కిరాణా కొట్టు ఉంది. ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టుగా ఉంది.

కాడొగన్ సాయం కోసం తన పాత స్నేహితుడు జెర్వేజ్ ఫెన్ దగ్గరికి పరిగెత్తుతాడు. ఈ ఫెన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్య ప్రొఫెసర్. 'లిలీ క్రిస్టీన్' అని పేరు పెట్టుకున్న చిన్న ఎర్ర స్పోర్ట్స్ కారును ఎదుటివాళ్ల ప్రాణాలు పోయేంత అడ్డదిడ్డంగా నడుపుతాడు. పిల్లాడిలా అలుగుతాడు, గొప్పలు చెప్పుకుంటాడు, అన్నీ మధ్యలో వదిలేసి ఆటలు మొదలుపెడతాడు. ఖాళీ దొరికితే స్నేహితుడితో కలిసి 'చదవలేని పుస్తకాలు' అనే ఆట ఆడతాడు. పేరుగొప్ప పుస్తకాల్లో ఎవరూ చదవలేనివి ఏవో చెప్పుకోవడమే ఆ ఆట.

కథ ఎటో పోతోందనిపించే చోట ఒక పత్రికా ప్రకటన వస్తుంది. ఒక లాయరు వేయించిన ఆ ప్రకటనలో ఐదు పేర్లున్నాయి: రైడ్, లీడ్స్, వెస్ట్, మోల్డ్, బెర్లిన్. ఊళ్ల పేర్లా? మనుషుల పేర్లా? పోలీసు బుర్రకు తట్టదు. సాహిత్య ప్రొఫెసర్‌కు తడుతుంది. అవి ఎడ్వర్డ్ లియర్ లిమరిక్‌లలోని పేర్లు. లియర్ 1846లో పిల్లల కోసం అచ్చేసిన తలాతోకా లేని ఐదు పాదాల పద్యాలవి. ఇంగ్లాండులో పుట్టిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ నోటికి వచ్చేవి. మనకు 'చేత వెన్నముద్ద' ఎలాగో వాళ్లకు అవి అలాగ. ఆ పద్యాల్లో బెర్లిన్ పెద్దమనిషి పుల్లలా సన్నగా ఉంటాడు. రైడ్ అమ్మాయి చుక్కల కుక్కలను వెంటేసుకుని తిరుగుతుంది. ఒక ఆస్తి వ్యవహారంలో వారసుల అసలు పేర్లు దాచడానికి ఈ పద్యాల్లోంచి మారుపేర్లు పెట్టారు. అదీ వాళ్ల వాళ్ల రూపురేఖలు చూసి పెట్టారు. అంచేత ఆక్స్‌ఫర్డ్ వీధుల్లో ఇద్దరు చదువుకున్న మనుషులు చుక్కల కుక్క ఉన్న అమ్మాయి కోసం వెతకడం మొదలుపెడతారు.

ఇది చదువుతుంటే నవ్వు ఆగదు. కానీ ఆ నవ్వు లోపల ఏముందో చూడండి. ఆ పిచ్చి పద్యమే అనుమానితుల జాబితా. పద్యంలోని వర్ణనే పోలీసులు రాసుకునే ఆనవాళ్లు. జోకూ ఆధారమూ ఒకటే వస్తువు ఇక్కడ. హత్య కథకు హాస్యం అద్దడమంటే ఏమిటి, హాస్యంతోనే హత్య కథ అల్లడమంటే ఏమిటి అని ఎవరైనా అడిగితే నేను ఈ చోటునే చూపిస్తాను.

ఈ పద్ధతిలో ఒక మనస్తత్వ సూత్రం ఉంది. కథలో ఏ వివరం కనిపించినా మన మనసు 'ఇది ఇక్కడ ఎందుకుంది?' అని అడుగుతుంది. డిటెక్టివ్ నవల చదివేటప్పుడు మరీ ఎక్కువగా అడుగుతుంది. అకస్మాత్తుగా ఒక పాత్ర గడియారం చూసిందంటే మనకు అనుమానం వస్తుంది. అదే గడియారం చూడబోయి టీకప్పు ఒలకబోసుకుని, ఎదుటావిడ చేత తిట్లు తిన్నదనుకోండి, మనం నవ్వుతాం. 'ఎందుకుంది' అన్న ప్రశ్నకు జవాబు దొరికేసినట్టు అనిపిస్తుంది: నవ్వించడానికి ఉంది. మనసు అక్కడితో ఆ వివరాన్ని వదిలేస్తుంది. రచయితకు కావాల్సింది అదే. నవ్వించి తన పని అయిపోయినట్టు కనిపించే వివరానికి ఇంకో పని కూడా ఉంటుందని ఎవరూ అనుమానించరు.

పాత్రల విషయంలోనూ ఇంతే. నవ్వు పుట్టించే మనిషిని మనం హంతకుడిగా ఊహించుకోం. మతిమరుపు చర్చి ఫాదరీ, ఎప్పుడూ అరిచే మేజరు, ఇంగ్లీషు నవలాకారుడు డి.హెచ్. లారెన్స్ నవలలు చదివి 'మనం ప్రకృతికి దూరమైపోయాం' అని వాపోయే లారీ డ్రైవరు (ఇతను పైన చెప్పిన నవలలోనే ఉన్నాడు), వీళ్లంతా రంగస్థలం మీద హాస్య పాత్రలు. హాస్య పాత్ర చేతిలో కత్తి ఉంటుందని మనం అనుకోం. రచయిత కొన్నిసార్లు ఆ నమ్మకాన్ని వాడుకుంటాడు, కొన్నిసార్లు వాడుకోడు. ఎప్పుడు వాడుకుంటాడో ముందే తెలియకపోవడమే ఇందులోని టెన్షన్.

ఇలాంటి ఆట అన్ని కాలాల్లోనూ సాగదు. అవతలివాడికి నియమాలు తెలిసి ఉండాలి. 1913లో ఇ.సి. బెంట్లీ ఒక నవల రాశాడు. అందులో డిటెక్టివ్ ఎంతో తెలివిగా ఆలోచించి, ఎంతో చక్కగా తేల్చిన ముగింపు తప్పని తేలుతుంది. ఎన్నడూ పొరపడని డిటెక్టివ్‌ల మీద ఆయన వేసిన చురక అది. కానీ అసలు నియమాలు గట్టిపడింది ఆ తర్వాతే. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే క్యాథలిక్ ఫాదర్ డిటెక్టివ్ కథలకు పది సూత్రాలు రాశాడు. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి, దయ్యాలు భూతాలు కుదరవు, ఒకటికి మించి రహస్య మార్గాలు ఉండకూడదు, ఇలా. 1930లో లండన్‌లో డిటెక్టివ్ కథలు రాసేవాళ్ల సంఘం, డిటెక్షన్ క్లబ్, ఏర్పడింది. ఫాదర్ బ్రౌన్ కథలు రాసిన చెస్టర్టన్ దాని మొదటి అధ్యక్షుడు. పాఠకుడిని మోసం చేయనని సభ్యులు ప్రమాణం చేసేవారు.

కొన్నేళ్లు గడిచేసరికి పాఠకులకు ఈ నియమాలన్నీ కంఠస్థం. గ్రంథాలయంలో శవం, తాళం వేసిన గది, చివర్లో అందరినీ హాల్లో కూర్చోబెట్టి డిటెక్టివ్ చెప్పే ఉపన్యాసం, ఇవన్నీ వాళ్లు వందల సార్లు చూసేశారు. రచయిత ముందు రెండు దార్లున్నాయి. నియమాలు పక్కన పెట్టి వేరే రకం కథ రాయడం ఒకటి. 'మీకు తెలుసని నాకు తెలుసు' అని పాఠకుడికి కన్నుగీటి, అవే నియమాలతో కొత్త ఆట ఆడడం రెండోది. 1936లో లియో బ్రూస్ అనే రచయిత రెండో దారి పట్టాడు. ఆయన నవలలో ఒకే హత్యను తేల్చడానికి ముగ్గురు పేరుమోసిన డిటెక్టివ్‌లు వస్తారు. పేర్లు మార్చినా వాళ్లెవరో పాఠకులకు ఇట్టే తెలిసిపోతుంది. ముగ్గురూ మూడు అద్భుతమైన సిద్ధాంతాలు చెబుతారు. మూడూ తప్పే. ఎవరూ లెక్కచేయని, బీరు తాగే పల్లెటూరి సార్జెంటు బీఫ్‌కు మాత్రం మొదటి నుంచీ అసలు సంగతి తెలుసు. నవ్వులన్నీ వెక్కిరింతే అయినా కేసు మాత్రం నిజాయితీగా కట్టిన కేసు. పేరడీకీ హాస్య డిటెక్టివ్ నవలకూ తేడా ఇక్కడే ఉంది. పేరడీకి పరిష్కారం అక్కర్లేదు. దీనికి కావాలి.

క్రిస్పిన్ అసలు పేరు బ్రూస్ మాంట్‌గొమరీ. 1921లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్నాడు. కవి ఫిలిప్ లార్కిన్ అక్కడి స్నేహితుడే. బొమ్మల కొట్టు నవల అంకితం ఇచ్చింది ఆయనకే. మొదటి నవల 1944లో వచ్చింది. 1951 దాకా ఎనిమిది నవలలు వరసగా రాసి ఆపేశాడు. తొమ్మిదోది 1977లో వచ్చింది, మరుసటి ఏడాది ఆయన పోయాడు. ఈయన సంగీతకారుడు కూడా. 'క్యారీ ఆన్' పేరుతో వచ్చిన ఇంగ్లీషు కామెడీ సినిమాల్లో తొలివాటికి సంగీతం ఈయనదే. ఆయన జోకులు చదివేటప్పుడు నాకు ఆ సంగీతకారుడే గుర్తొస్తాడు. ఎక్కడ తాళం ఆపాలో తెలిసిన చేయి అది.

ఆయన హాస్యంలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. వెంటాడే సన్నివేశంలో దారి రెండుగా చీలుతుంది. ఎటు వెళ్లాలి? ఎడమ వైపు వెళదాం, ఎంతైనా ఈ పుస్తకం ప్రచురిస్తున్నది గొలాంజ్ కదా అంటాడు కాడొగన్. ఈ ఒక్క మాట అర్థం కావాలంటే రెండు విషయాలు తెలియాలి. విక్టర్ గొలాంజ్ అనే ప్రచురణకర్త వామపక్షీయుడు, 1936లో లెఫ్ట్ బుక్ క్లబ్ పెట్టినవాడు. ఇంగ్లీషులో ఎడమకూ వామపక్షానికీ ఒకటే మాట. అదృష్టవశాత్తు తెలుగులోనూ 'వామ' అంటే ఎడమే, కాబట్టి జోకు మనదాకా వస్తుంది. రెండోది, ఒక నవలలోని పాత్రకు తాను నవలలో ఉన్నానని తెలుసు! మరోచోట ఫెన్ కూడా క్రిస్పిన్ రాయబోయే పుస్తకాలకు పేర్లు ఆలోచిస్తూ కూర్చుంటాడు. నియమాలు తెలిసిన పాఠకుడు లేకపోతే ఈ జోకు పుట్టేదే కాదు.

ఇంకో కోణం కూడా ఉంది. ఈ నవల రాసింది యుద్ధం తాకిడి తెలిసిన కాలంలో. బ్రిటన్‌లో పుస్తకాల కాగితానికి రేషన్ 1949 దాకా సాగింది. కానీ కథ జరిగేది 1938లో, యుద్ధానికి ముందటి ఆక్స్‌ఫర్డ్‌లో. ఊరి మీద రచయితకున్న బెంగ ఆ నవ్వుల కింద వినిపిస్తూనే ఉంటుంది. చివర్లో అదుపు తప్పి గిర్రున తిరిగే రంగులరాట్నం దృశ్యం ఉంది. నవ్వూ భయమూ అక్కడ విడదీయలేనంతగా కలిసిపోతాయి. 1951లో వచ్చిన హిచ్‌కాక్ సినిమా 'స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రెయిన్' చూసినవాళ్లు దాని ముగింపును ఈ పేజీలతో పోల్చి చూసుకోవచ్చు.

ఆక్స్‌ఫర్డ్ కవిత్వం ఒంటికి పడనివాళ్లకు కొలిన్ వాట్సన్ ఉన్నాడు. నా లెక్కలో ఆయన తెలుగు పాఠకుడికి ఇంకా దగ్గర. చిన్న ఊళ్ల పత్రికల్లో పనిచేసిన విలేఖరి. ఫ్లాక్స్‌బరో అనే ఊరిని సృష్టించి, 1958లో మొదలుపెట్టి ఆ ఊరి కథలే రాస్తూపోయాడు. కౌన్సిలర్లు, డాక్టరు, లాయరు, పత్రిక యజమాని, ధర్మసంస్థల పెద్దమ్మలు: మన జిల్లా కేంద్రాల్లో కనిపించే మనుషులే. మొదటి నవలలో ఆ ఊరి పత్రిక యజమాని చలికాలం ఒక ఉదయం హైటెన్షన్ కరెంటు టవర్ కింద చచ్చిపడి ఉంటాడు. కాళ్లకు ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు. నోట్లో మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి. ముందు నవ్వొస్తుంది. తర్వాత మెల్లగా ప్రశ్న వస్తుంది: చలిలో, ఇంటి చెప్పులతో, మిఠాయి నములుతూ, చీకట్లో పొలం దాటి టవర్ ఎక్కేవాడు ఎవడుంటాడు? వింతగా ఉన్న వివరమే కేసు తాళంచెవి.

వాట్సన్ నవ్వు క్రిస్పిన్ నవ్వు లాంటిది కాదు. ఇక్కడ జోకు తగిలేది ఊరి పరువుకు. మర్యాదస్తులు మాట్లాడే ప్రతి మాటకూ కింద ఇంకో అర్థం ఉంటుంది, ఇన్‌స్పెక్టర్ పర్‌బ్రైట్ పని ఆ రెండో అర్థం వినడమే. తన హాస్యాన్ని వాట్సన్ ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, ఒక పత్రిక ఆయనను 'జోకులు లేని వుడ్‌హౌస్' (వుడ్‌హౌస్ పేరుమోసిన ఇంగ్లీషు హాస్య రచయిత) అన్న ధోరణిలో రాస్తే పరువునష్టం దావా వేసి 750 పౌండ్లు గెలిచాడు.

తెలుగులో ఈ దారి ఎందుకు పెద్దగా పడలేదన్నది నన్ను చాలాకాలంగా వేధించే ప్రశ్న. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు కోసం అద్దె పుస్తకాల షాపుల దగ్గర ఎదురుచూసిన తరం మనకు ఉంది. హాస్యానికీ కొదవ లేదు. మల్లాది వెంకట కృష్ణమూర్తి 'చంటబ్బాయ్', దాన్ని జంధ్యాల 1986లో సినిమాగా తీయడం అందరికీ తెలిసిందే. అయితే మన దగ్గర నవ్వు డిటెక్టివ్ మనిషిలోనే ఎక్కువగా ఉండిపోయింది, ఆధారంలోకి దిగలేదని నాకనిపిస్తుంది. అవధానం వర్ధిల్లిన భాషలో దీనికి చోటు తప్పకుండా ఉందని నా నమ్మకం.

ఈ పుస్తకాల్లో ఇబ్బంది పెట్టేవి కూడా ఉన్నాయి, వాటిని దాచి సిఫారసు చేయడం తప్పు. పనిమనుషుల యాస, విదేశీయుల తీరు, పెళ్లికాని ఆడవాళ్ల వయసు, వీటి మీద వేసిన జోకులు చాలా నవలల్లో ఎదురవుతాయి. అవి అప్పుడూ కొందరిని గాయపరిచాయి, ఇప్పుడూ గాయపరుస్తాయి. కొలిన్ వాట్సనే 1971లో ఇంగ్లీషు క్రైమ్ నవలల్లోని వర్గ అహంకారం మీద ఒక పూర్తి పుస్తకం రాశాడు. నేను ఒక తేడా గమనిస్తాను. బలవంతుణ్ని చూసి నవ్వే జోకు సాధారణంగా కథలో పని చేస్తుంది, ఆధారమవుతుంది. బలహీనుణ్ని చూసి నవ్వే జోకు చాలాసార్లు ఊరికే పడి ఉంటుంది, తీసేసినా కథకు నష్టం లేదు. అన్ని పుస్తకాలకూ ఇది వర్తిస్తుందని అనను, కానీ చదువుతున్నప్పుడు ఈ కొలత నాకు ఉపయోగపడింది.

ఎలా చదవాలన్నది కూడా చెప్పాలి. ప్రతి కవిత్వపు ముక్కకూ ఫోన్ తీసి వెతక్కండి. లయ తెగిపోతుంది. ఏ కవి మాటో తెలియకపోయినా, మాట్లాడుతున్నవాడు ఎలాంటివాడో ఆ మాటే చెబుతుంది, మొదటిసారికి అది చాలు. నేను చేసే పని ఒకటుంది. పెన్సిల్ దగ్గర పెట్టుకుని, బయటికి నవ్వు వచ్చిన ప్రతి చోటా మార్జిన్‌లో చిన్న గీత పెడతాను. ఆలోచించను, ఆపను, గీత పెట్టి ముందుకు పోతాను. పుస్తకం అయిపోయాక గీతలున్న పేజీలు మాత్రం వెనక్కి తిప్పి చదువుతాను. బొమ్మల కొట్టు నవలలో అలా తిప్పినప్పుడు, మొదటిసారి కబుర్లనుకుని దాటేసిన చోట్లు ఎన్ని కథకు పనికొచ్చాయో చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఈ నవలలకు రెండో చదువు తప్పనిసరి. హంతకుడు తెలిసిపోయాక కూడా రుచి తగ్గకపోవడం వీటి ప్రత్యేకత.

మొదలుపెట్టడానికి మాత్రం క్రిస్పిన్ కన్నా అమెరికన్ రచయిత్రి క్రెయిగ్ రైస్ తేలిక. 1946 జనవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రానికెక్కిన రచయిత్రి ఆమె. డిటెక్టివ్ నవలలు రాసేవాళ్లకు ఆ గౌరవం అదే మొదటిసారి అంటారు. ఆమె రాసిన 'హోమ్ స్వీట్ హామిసైడ్' 1944లో వచ్చింది. ఈమధ్య మళ్లీ అచ్చయింది కాబట్టి దొరుకుతుంది. భర్త పోయిన ఒక తల్లి డిటెక్టివ్ నవలలు రాసి ముగ్గురు పిల్లలను పోషిస్తుంటుంది. పక్కింట్లో నిజం హత్య జరుగుతుంది. అమ్మ పుస్తకానికి పబ్లిసిటీ వస్తుందని, కేసు తామే తేల్చి ఆ పేరు అమ్మకు కట్టబెట్టాలని పిల్లలు నడుం కడతారు. రాతలో మునిగిపోయిన ఆ తల్లికి ఏమీ పట్టదు, పక్కింటి తుపాకీ మోత పిల్లలకే వినిపిస్తుంది. ఆ పేజీ రాగానే వాళ్లు ఎన్ని మోతలు విన్నారో మార్జిన్‌లో రాసి పెట్టుకోండి.